చేదు ఒక్కటియే సాక్షి కాదు: జ్వరౌషధ పరీక్షల చరిత్రము



మన ద్వీపమున తెలుగువారి యిండ్లలో తరతరములుగా చెప్పుకొను కథలు పెక్కు కలవు. వానిలో నొకటి మా నాయనమ్మ తన నాయనమ్మ నోట విని మాకు చెప్పినది. 1867వ సంవత్సరమున చెరకు తోటల కేంపులలో మహాజ్వరము వ్యాపించినపుడు, ఆ తల్లి తన చేతి వెండి కడియములను అమ్మి, నాలుగేండ్ల కుమారునకై చిటికెడు జ్వరపు పొడిని కొనెను. దానిని కాగితపు పొట్లమున కట్టి యిచ్చిన వాడెవ్వడో, ఏ యూరివాడో నేడు తెలియదు. ఆమె ఆ పొడిని నాలుకపై నుంచుకొని చూచెను. మిక్కిలి చేదుగా నుండెను. చేదుగా నున్నది గనుక నిజమైన మందేయని నమ్మి బిడ్డకు త్రాగించెను. మూడవనాడు బిడ్డ దక్కలేదు. ముసలితనమున కూడ ఆమె, "చేదుగనే యుండెను గదా!" అని తనలో తాను అనుకొనుచుండెడిదట.

ఆ పొడి నిజమైనదో, కల్తీయో ఎవ్వరును చెప్పజాలరు. నిజమైనదే యైనను చాలినంత యుండకపోయి యుండవచ్చును. వేళ మించిన పిదప ఇచ్చి యుండవచ్చును. కాని ఆ తల్లి చేయగలిగిన పరీక్ష యొక్కటియే. అది నాలుక. ఆ పరీక్ష చాలునా? చాలనిచో మరియే పరీక్షలు కావలెను? వానిని మనుష్యులు ఎట్లు కనుగొనిరి? చలిజ్వరపు మందుల కథను ఆధారముగా గొని, ఈ ప్రశ్నలకు చరిత్ర యిచ్చు సమాధానమును తెలిసినంత వరకు విన్నవించుకొందును.

పూర్వుల పరీక్ష

మన పూర్వులు మందును కన్నులు మూసికొని మ్రింగిన వారు కారు. ఎరుగని మందును వాడుట ప్రాణాపాయకరమని చరకసంహిత సూత్రస్థానపు మొదటి యధ్యాయముననే హెచ్చరిక కలదు. అచ్చటనే మరియొక మంచి మాట కలదు. మేకల కాపరులు, గోపాలకులు, అడవిలో తిరుగువారు మొక్కలను పేరునుబట్టియు రూపమునుబట్టియు ఎరుగుదురు. అయినను ఏ రోగికి ఏ కాలమున ఎంత యీయవలెనో ఎరిగినవాడే వైద్యుడు. అనగా పరీక్షకు రెండు మెట్లు కలవన్నమాట. మొక్కను గుర్తుపట్టుట మొదటిది. దాని బలమును, ప్రమాణమును ఎరుగుట రెండవది. ఎట్టి నేలలో పెరిగిన మూలిక మేలైనదో సుశ్రుతసంహితలో ప్రత్యేకముగ వివరింపబడినది.

కల్తీ కూడ క్రొత్త పాపము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో, ధాన్యము, నూనె, ఉప్పు, సుగంధద్రవ్యము, ఔషధము మొదలైన వానిలో అదే రంగుగల నాసి సరుకును కలుపు వర్తకునకు పన్నెండు పణముల దండనము విధింపబడినది. "అదే రంగుగల" యను విశేషణమును గమనింపుడు. కొనువాడు రంగును చూచి కొనును గనుక అమ్మువాడు రంగును సరిపుచ్చును. ఈ సూక్ష్మమును మరువక మనస్సున నుంచుకొనిన యెడల ఈ చరిత్ర యంతయు సులభముగ బోధపడును.

వాసన, రంగు, స్పర్శ, విరిచినపుడు కలుగు చప్పుడు, నాలుకపై రుచి, ఇవియే పూర్వుల పరీక్షా సాధనములు. చెట్టును పుట్టుక నుండి ఎరిగిన ఊరిలో ఇవి చాలవరకు సరిపోయెడివి. వైద్యుడు తానే కొండకు పోయి మూలికను త్రవ్వి తెచ్చెడివాడు. నడుమ వర్తకుడు లేడు. మూలిక ఊరు దాటినపుడే చిక్కు ఆరంభమైనది.

మన పెద్దలు ఊరు మాత్రమే కాదు, సముద్రమునే దాటిరి. గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవు పేరనే వారు ఈ ద్వీపమున "కోరంగీలు" అని పిలువబడిరి. వారితో మూలికల పేర్లు వచ్చెను గాని మూలికలన్నియు రాలేదు. వచ్చిన పేర్లు ఇచ్చట కనబడిన చెట్లపై వ్రాలెను. దీనికి ఉదాహరణము మన కనుల యెదుటనే యున్నది. ఉగాది పచ్చడికి పూవు కోయు వేప వేరు. దానిని పోలిన తురకవేప వేరు. ఈ రెండవదానినే ఇచ్చట లిలా యందురు. రెండును చేదే. రెండును ఒకే కుటుంబమునకు చెందిన చెట్లే. కాని తురకవేప పండ్లు విషము. వానిని తిని పశువులును పిల్లలును అస్వస్థులగుట కలదు. వేప రెమ్మలో నడిమి కాడకు ఇరువైపుల ఆకులు నేరుగా నుండును. తురకవేపలో నడిమి కాడ నుండి చిన్న కాడలు చీలి, వానిపై ఆకులుండును. వేప పూవు తెలుపు. తురకవేప పూవులో ఊదా ఛాయ కలదు. నాలుక చెప్పలేని భేదమును ఇచ్చట కన్ను చెప్పుచున్నది.

మాతృదేశమున కూడ ఇట్టి గందరగోళము కలదు. హిమాలయములలో పుట్టు కిరాతతిక్తము పేరిట దక్షిణాదిని నేలవేమును అమ్ముట కలదు. అశోకపు పట్టకు బదులు నరమామిడి పట్టను అమ్ముటయు కలదు. ఇందు కొంత మోసము, కొంత అజ్ఞానము, కొంత పేర్ల పోలిక. రోగికి మాత్రము మూడును ఒక్కటియే.

కొండల నుండి వచ్చిన బెరడు

ఇక చలిజ్వరపు కథకు వత్తము. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములపై సింకోనా యను చెట్ల జాతి కలదు. 17వ శతాబ్దిలో జెసూట్ మతగురువుల ద్వారమున దాని బెరడు ఐరోపాకు చేరెను. అప్పటి వరకు చలిజ్వరమునకు అచ్చట నమ్మదగిన మందు లేదు. బెరడు పొడిని ద్రాక్షసారాయములో కలిపి యిచ్చినంతనే, వంతు తప్పక వచ్చెడి జ్వరము నిలిచిపోవుట చూచి జనులు ఆశ్చర్యపడిరి.

గిరాకి పుట్టిన చోటనే కల్తీయు పుట్టెను. వేరు చెట్ల బెరళ్లను తెచ్చి, చేదు పట్టించుటకై ముసాంబరపు నీటిలో నానబెట్టి, సింకోనా పేర అమ్మసాగిరి. ముసాంబరమనగా కలబంద రసమును ఎండబెట్టిన ముద్ద. రంగు సరిపోయెను, చేదు సరిపోయెను, జ్వరము మాత్రము పోలేదు. అంతట కొందరు వైద్యులు బెరడే పనికిరానిదని నిందింపసాగిరి. కల్తీ చేయు రెండవ కీడు ఇదియే. అది రోగిని చంపుటయే గాక, నిజమైన మందు యొక్క మంచి పేరును కూడ చంపును.

ఆ కాలముననే ఇంగ్లండులో రాబర్ట్ టాల్బర్ అను వాడు రహస్యౌషధముతో జ్వరములు కుదుర్చుచు గొప్ప పేరు గాంచెను. జెసూట్ల పొడిని నమ్మవలదని అతడు లోకమునకు హెచ్చరించెను. రాజు రెండవ చార్లెస్‌కును, ఫ్రాన్సు రాజకుమారునకును చికిత్స చేసెను. 1681లో అతడు మరణించిన పిదప, ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ తాను కొనియుంచిన రహస్యమును 1682లో వెల్లడి చేయించెను. చూడగా అది ద్రాక్షసారాయములో నానిన సింకోనా బెరడే! లోకమున నిందించిన దానినే అతడు చాటున అమ్మెను. పొట్లములో నేమున్నదో చెప్పని మందును గూర్చి ఈ కథ మనకు చాల నేర్పును.

ఇంకొక వింత గలదు. ఐరోపావారు దాదాపు నూరేండ్లు ఆ బెరడును సేవించిరి గాని, దాని చెట్టును చూచి వర్ణించిన శాస్త్రజ్ఞుడు లేడు. 1737లో ఫ్రెంచి పండితుడు లా కోందమీన్ లోహా ప్రాంతపు కొండలకు పోయి చెట్టును స్వయముగ పరిశీలించి, మరుసటి యేట దాని వర్ణనను ప్రకటించెను. 1742లో లిన్నేయస్ దానికి సింకోనా యను శాస్త్రనామ మొసగెను. కొండజాతుల వారు పెక్కు తరములుగా ఎరిగిన చెట్టుకు అప్పటికి గాని గ్రంథములలో స్థిరమైన స్థానము లభింపలేదు. పరీక్షకు ఇదియే పునాది. ముందు చెట్టు నిలువవలెను. దాని ప్రక్కన బెరడును నిలిపి పోల్చవలెను.

చేదు చేసిన మోసము

చేదు మాత్రమే మనుష్యుని ఎంత దూరము తీసికొనిపోగలదో తెలుపు సంఘటన ఇంగ్లండులోనే జరిగినది. ఎడ్వర్డ్ స్టోన్ అను క్రైస్తవ పురోహితుడు ఒకనాడు విల్లో చెట్టు బెరడును నమలి, అది సింకోనావలె చేదుగా నున్నదని ఆశ్చర్యపడెను. దానిని ఎండబెట్టి పొడిచేసి, సుమారు ఏబదిమంది జ్వరగ్రస్తులకు ఇచ్చి, ఫలితములను 1763లో రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. జ్వరము తగ్గినది నిజమే. ఆ బెరడులోని సారము నుండియే కాలక్రమమున ఆస్పిరిను జాతి మందులు వచ్చెను.

కాని విల్లో బెరడు ఒంటి వేడిని తగ్గించును గాని చలిజ్వరపు మూలమును తాకదు. సింకోనా ఆ మూలమునే కొట్టును. స్టోన్ వంచకుడు కాడు, సజ్జనుడు, శ్రద్ధగ పరీక్షించి, చూచినదానిని దాచక వ్రాసినవాడు. అయినను రెండు చేదులలోని భేదము అతనికి తెలియలేదు. ఒంటి వేడి తగ్గినంత మాత్రమున రోగము పోయెనని తలపరాదని ఇందువలన తెలియుచున్నది.

సారమును కొలిచిన కాలము

1820లో ప్యారిస్ నగరమున పెల్లెటియే, కావంటూ అను ఇద్దరు ఔషధశాస్త్రజ్ఞులు సింకోనా బెరడు నుండి దాని సారములను వేరుచేసిరి. వానిలో ముఖ్యమైనది క్వినైన్. మన వారు దీనినే కొయినా యనిరి. ఇట్టి సారములకు ఆల్కలాయిడ్లని పేరు. అంతవరకు "ఇది నిజమైన బెరడేనా?" యని యడిగిన వారు, ఇక "ఇందు సారమెంత?" యని కూడ అడుగగలిగిరి. నిజమైన చెట్టు బెరడే యైనను సారము లేనిచో అది రోగికి కట్టెతో సమానము గదా.

19వ శతాబ్దిలో క్రొత్త పరీక్షలు వరుసగ వచ్చెను. బెరడు ముక్కను గాజుగొట్టములో పొడిగ వేడిచేసినచో, నిజమైన సింకోనా నుండి ఎర్రని పొగ లేచి గొట్టపు గోడలపై ఎర్రని బొట్లుగ నిలుచును. ముసాంబరము పట్టించిన దొంగ బెరడు ఈ రంగు నీయజాలదు. క్వినైన్‌ను గంధకికామ్లము కలిపిన నీటిలో కరగించి సూర్యకాంతిలో ఉంచినచో ఆ నీరు లేత నీలి వెలుగుతో మెరయును. జాన్ హెర్షెల్ 1845లో ఈ మెరుపును వర్ణించెను. క్లోరిను నీటిని, పిదప అమోనియాను కలిపినచో మరకతమువంటి పచ్చని రంగు వచ్చును. సూక్ష్మదర్శినితో చూచినచో బెరడులోని నారల ఆకారము, అమరిక చెట్టు చెట్టుకును వేరుగ కనబడును. లండను వాసియగు జాన్ ఎలియట్ హోవర్డ్ ఈ విద్యలో పేరు గాంచెను.

వంచకుడు నాలుకను మోసగింపగలడు, కన్నును మోసగింపగలడు. నాలుకను, కన్నును, నిప్పును, ఆమ్లమును, సూక్ష్మదర్శినిని ఒక్కసారిగ మోసగించుట మిక్కిలి కష్టము. పరీక్షలు పెక్కుగ నుండుటలోని బలము ఇదియే.

నీలగిరులలో పరీక్ష

1860 ప్రాంతమున బ్రిటిషువారు సింకోనా విత్తనములను, మొక్కలను దక్షిణ అమెరికా నుండి తెప్పించి, మద్రాసు రాజధానిలోని నీలగిరులపై నాటించిరి. మన పూర్వులు విడిచివచ్చిన గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలములు కూడ అప్పుడు ఆ రాజధానిలోనివే. మన్యపు జ్వరము ఆ కొండసీమలకు చిరపరిచితము. బెరడులోని సారమును కొలుచుటకై 1866లో జాన్ బ్రౌటన్ అను రసాయనజ్ఞుని ఉదకమండలమున ప్రత్యేకముగ నియమించిరి.

అచ్చట నాటిన ఎర్ర బెరడు చెట్లలో క్వినైన్ కొద్దిగను, దాని తోబుట్టువులైన క్వినిడిన్, సింకోనిన్, సింకోనిడిన్ అను సారములు ఎక్కువగను ఉండెను. ఇవి చౌక సరుకులని వర్తకులు చులకన చేసెడివారు. ఇవియు జ్వరమును పోగొట్టునా? దీనిని తేల్చుటకు 1866లో ఒక వైద్యసంఘము నియమింపబడి, 1868 వరకు పనిచేసెను. నాలుగు సారములను వేరువేరుగ 2,472 మంది రోగులకు ఇచ్చి ఫలితములను వ్రాసిరి. వేయి మందిలో గుణము కనబడని వారు క్వినిడిన్‌తో ఆరుగురు, క్వినైన్‌తో ఏడుగురు, సింకోనిడిన్‌తో పదిమంది, సింకోనిన్‌తో ఇరువదిముగ్గురు. అనగా చులకన చేయబడిన మూడును మంచి మందులే! పరీక్ష వంచకుని పట్టుకొనుటకే కాదు. నిందపడిన నిర్దోషిని విడిపించుటకును అదియే సాధనము. బీదవారికి చౌకగ దొరకు మందు నిజముగ పనిచేయునని ఋజువు చేయుట చిన్న మేలు కాదు.

అడవి మనుష్యుని కన్ను

యంత్రములు వచ్చినంతనే కాపరి కన్ను అక్కరలేకపోయెనని తలపరాదు. బొలీవియాలో చార్లెస్ లెడ్జర్ అను ఇంగ్లీషు వర్తకుని కడ మాన్యుయెల్ ఇంక్రా మమానీ యను ఆదిమవాసి పనిచేయుచుండెను. ఏ లోయలోని చెట్లు మేలైనవో అతనికి తెలియును. మంచు వలన పూత మాడి విత్తనములు చెడుచుండగా, అతడు కొన్ని యేండ్లు ఓపికతో వేచి, 1865లో మంచి విత్తనములను తెచ్చి యిచ్చెను. లెడ్జర్ వానిని బ్రిటిషు ప్రభుత్వమునకు అమ్మజూపగా వారు కొనలేదు. డచ్చివారు కొంత కొని జావాలో నాటిరి. కొన్ని యేండ్లకు ఆ చెట్ల బెరడును రసాయనజ్ఞులు పరీక్షింపగా, కొన్నింట నూటికి పది పాళ్లు మించి క్వినైన్ కనబడెను. ఇతర చెట్లలో దానికి సాటి లేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో లోకమునకు కావలసిన క్వినైన్‌లో అత్యధిక భాగము జావా నుండియే వచ్చెను.

మమానీ గతి యేమైనది? విత్తనములను విదేశీయులకు ఇచ్చెనని అతనిని పట్టి, చెరలో నుంచి కొట్టిరి. ఆ దెబ్బలతోనే అతడు మరణించెను. చెట్టుకు లెడ్జర్ పేరు పెట్టిరి. గుర్తుపట్టిన వాని పేరు పెట్టలేదు. చరకుడు చెప్పిన కాపరి యితడే. రసాయనశాల చెప్పిన దానిని అతని కన్ను ముందే చెప్పెను. ఈ రెండు విద్యలును ఒకదాని నొకటి ఆదరించినపుడే ఔషధము పరిశుద్ధముగ రోగి చేతికి వచ్చును.

మన ద్వీపపు మహాజ్వరము

ఈ విద్య యింతగ పెరుగుచున్న ఆ సంవత్సరములలోనే మన ద్వీపము జ్వరమున పడి అల్లాడినది. 1866లో తలయెత్తిన చలిజ్వరము 1867లో దావానలమైనది. ఆ ఒక్క యేట జనాభాలో సుమారు పదింట నొకరు మరణించిరి. పోర్ట్ లూయీ నగరము శ్మశానతుల్యమైనది. శవములకు చోటు చాలక బువా మార్షాన్‌లో క్రొత్త రుద్రభూమిని తెరచిరి. శక్తిగలవారు నగరము విడిచి క్యూర్‌పీప్ వంటి మెరకసీమలకు తరలిపోయిరి. తోటలలోని కూలివారికి తరలిపోవుటకు తావు లేదు.

క్వినైన్ కొరత పడెను. దాని ధర ఆకాశము నంటెను. ఒప్పందపు కాగితములలో నెలకు ఐదు రూపాయల జీతమని వ్రాసికొని వచ్చిన కుటుంబము ఆ ధర నెట్లు చెల్లింపగలదు? నీలగిరులలో రసాయనజ్ఞుడు బెరడును తూచుచుండెను. మద్రాసులో వైద్యులు రోగులను లెక్కించుచుండిరి. ఇచ్చట ఒక తల్లి చిటికెడు పొడిని నాలుకపై నుంచుకొనుచుండెను. పరీక్ష లోకమున లేక కాదు. ఆమె చేతికి అందలేదు. నా దృష్టిలో ఈ చరిత్ర యంతటిలో గుండెను కోయు మాట ఇదియే.

జ్వరమునకు మూలమేమో అప్పుడెవ్వరికిని తెలియదు. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తమున సూక్ష్మజీవిని చూచెను. 1897లో రొనాల్డ్ రాస్ సికిందరాబాదున దోమ కడుపులో ఆ జీవిని కనుగొనెను. తెలుగు నేలపై ఆ రహస్యమును ఛేదించిన రాస్‌యే 1907లో మన ద్వీపమునకు వచ్చి, పిల్లల కడుపులలో బల్ల పెరిగినదేమో తడవి చూచి, జ్వరపు వ్యాప్తిని లెక్కించి, 1908లో నివేదిక వ్రాసెను. దోమల నిర్మూలనము వలన 1973లో మన ద్వీపము చలిజ్వర రహితమని ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపరచెను. 1975 నాటి తుపాను పిమ్మట అది మరల తలయెత్తి, మరల అణచబడెను.

పొట్లమునకు ముద్ర

పరీక్షను బీదవాని చేతి కందించుటకు మొదటి యత్నములలో నొకటి 1892లో బంగాళమున జరిగెను. పైసాకు ఒక పొట్లము చొప్పున క్వినైన్‌ను తపాలా కచేరీలలో అమ్మసాగిరి. పరీక్షింపబడిన మందు, కట్టిన ప్రమాణము, ఊరూరికి తెలిసిన చోటు, ఈ మూడును ఒక పైసాలో చేరెను. కొనువాడు రసాయనజ్ఞుడు కానక్కరలేదు.

అయినను అంగళ్లలో కల్తీ మందుల గోల ఆగలేదు. 1930లో భారత ప్రభుత్వము కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘపు నివేదిక 1931లో వెలువడెను. దాని ఫలముగ 1940లో ఔషధ శాసనము వచ్చెను. 1964లో ఆయుర్వేద, యునానీ మందులను కూడ ఆ శాసనపు పరిధిలోనికి తెచ్చిరి. 1970లో ఘజియాబాదున భారతీయ వైద్యముల కొరకు పరీక్షాశాల నెలకొల్పబడెను. 1989లో ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథపు తొలి సంపుటము వెలువడెను. మన ద్వీపమున కూడ ఆయుర్వేదాది సాంప్రదాయిక వైద్యములను గూర్చి 1989లోనే శాసనము చేయబడినది.

అట్టి ప్రమాణ గ్రంథములో మూలిక మూలికకును ఏమి వ్రాయుదురో సామాన్యులమైన మనమును తెలిసికొనవచ్చును. మొదట కంటికి కనబడు రూపము. పిదప సూక్ష్మదర్శినిలోని రూపము. పరాయి పదార్థము నూటికి ఎన్ని పాళ్లకు మించరాదో వ్రాయుదురు. మూలికను కాల్చి బూడిదను తూచుదురు. ఆ బూడిదలో ఆమ్లమున కరగక మిగిలినది ప్రాయికముగ ఇసుక. మట్టి కలిపి తూకము పెంచిన వర్తకుడు ఇచ్చట పట్టుబడును. నీటిలోను, సారాయములోను కరగు సారమును తూచుదురు. సారమును ముందే తీసివేసి పిప్పిని అమ్మువాడు ఇచ్చట పట్టుబడును. ప్రతి పరీక్ష వెనుకను ఒక మోసము యొక్క చరిత్ర గలదని గ్రహింపుడు.

మోసము నేర్చుకొనుచునే యుండును

ఇంతటితో కథ ముగిసిన బాగుండెడిది. 1970వ దశకమున చీనా శాస్త్రజ్ఞురాలు తూ యోయో, ప్రాచీన చీనా గ్రంథముల నాధారముగా గొని, ఆర్టెమిసియా యను మొక్క నుండి చలిజ్వరమునకు క్రొత్త మందును సాధించెను. మొదట ఆమెకు ఫలితములు నిలుకడగ రాలేదు. ఆకును కాచక, చల్లని నీటిలో నానబెట్టి పిండవలెనను భావము గల పాత గ్రంథములోని మాట ఆమెకు దారి చూపినది. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను. మేలైన మందు వచ్చెను. దాని వెనుకనే దొంగ మందును వచ్చెను. ఆగ్నేయాసియా దేశములలోని అంగళ్ల నుండి కొన్న 104 నమూనాలలో నూటికి 38 పాళ్లు అసలు మందు లేనివని 2001లో ప్రకటితమైనది. పెట్టెపై మెరయు ముద్రను కూడ వంచకులు అనుకరించిరి. పిమ్మట పట్టుబడిన కొన్ని దొంగ బిళ్లలలో, రంగు పరీక్షలో నెగ్గుటకై రవంత నిజమైన మందును, జ్వరము తగ్గినట్లు కనబడుటకై ఒంటి వేడిని తగ్గించు మందును కలిపియుండిరి. ముసాంబరపు నీరు మారినది, బుద్ధి మారలేదు.

పేర్ల పోలిక చేసిన ఘోరమొకటి బెల్జియం దేశమున జరిగినది. 1990వ దశకపు తొలి యేండ్లలో బ్రస్సెల్స్ నగరమున ఒళ్లు తగ్గుటకై ఇచ్చిన చీనా మూలికలలో, స్టెఫానియా యను దానికి బదులు అరిస్టొలోకియా జాతి వేరు చేరెను. చీనాభాషలో రెండింటికిని "ఫాంగ్ జీ" యను పేరే కలదు. నూరుమందికి మించి మూత్రపిండములు చెడినవి. అచ్చట వేప, తురకవేపల కథయే మరింత దారుణముగ జరిగినది.

మన ఆయుర్వేదమునకు మినహాయింపు లేదు. అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షింపగా, 14 మందులలో సీసము, పాదరసము, పాషాణము వంటివి కనబడెనని 2004లో ప్రకటితమైనది. రసౌషధములలో లోహభస్మములు శాస్త్రోక్తముగ చేరునని కొందరు సమాధానము చెప్పుదురు. చేరినచో చేరినవని పొట్లముపై వ్రాయవలెను గదా! శోధన, మారణములు సరిగ జరిగెనని పరీక్షతో చూపవలెను గదా! పరీక్షను అవమానముగ తలచువాడు శాస్త్రమును గౌరవించువాడు కాడు. పరీక్షింపుమని మొదట చెప్పినది మన శాస్త్రమే.

మన యిండ్లలో చేయదగినది

నేడు మన యువకులలో కొందరు అవ్వల మందులన్నియు మూఢత్వమని త్రోసివేయుచున్నారు. మరికొందరు "మూలిక గనుక హాని లేదు" అని ఏ పొట్లమునైనను నమ్ముచున్నారు. ఈ రెండును పరీక్ష లేని తీర్పులే. చరిత్ర చూపు మార్గము మూడవది.

ఊరు, పేరు, చేసినవాని చిరునామా లేని పొడిని కొనకుడు. పొడికంటె పూర్తి ఆకు, వేరు, కాయ మేలు. పొడియైన పిదప కంటికి సాక్ష్యము మిగులదు. చెట్టును ఎరిగిన పెద్దలు జీవించియుండగనే, పిల్లలను వారి వెంట చెట్టు కడకు పంపుడు. తెలుగు పేరును, క్రెయోలు పేరును, శాస్త్రనామమును మూడింటిని ఒకే కాగితముపై వ్రాయించి, ఆకును నొక్కి దానికి అంటింపుడు. వారితో ఆ ఎరుక పోయినచో ఏ రసాయనశాలయు దానిని తిరిగి ఇయ్యజాలదు. జ్వరము వచ్చినచో మాత్రము ముందుగ వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయింపుడు. ఒంటి వేడి తగ్గినదని ఊరకుండకుడు. ఇంటి మందు వాడినచో వైద్యునితో దాచక చెప్పుడు.

ఇట్లు వ్రాయుచుండగా ఆ తల్లి మాట నాకు మరల వినబడుచున్నది. "చేదుగనే యుండెను గదా!" అమ్మా, నీ దోషమేమియు లేదు. నీకు తెలిసిన పరీక్ష నీవు చేసితివి. నీ నాలుక సత్యమే చెప్పెను. చేదును చేదనియే చెప్పెను. చెట్టును చూపువారు గాని, పొడిని తూచువారు గాని, పొట్లమునకు పూచీపడువారు గాని నీ ప్రక్కన లేకపోయిరి. నేడు మాకు వారందరును కలరు. వారిని అడుగక పోయినచో దోషము మాది.